దసరా నాడు ఎర్రబడ్డ గీత

నాచారంల మందుల కంపెనీలకు స్టీలు వాల్వులు జేసే ఒక చిన్న ఫ్యాక్టరీల కంప్యూటర్ మనిషిని నేను. ఒక్కణ్ణే. సర్వర్ ఆగినా నేనే, ప్రింటర్ల కాయితం ఇరికినా నేనే. మా ఆర్డర్లు, బిల్లులు, స్టోరు లెక్కలు అన్నీ ఒక్క సర్వర్ మీదనే నడుస్తయి. ఒక్కో పనిని ఒక్కో డబ్బాల సర్దినట్టు విడివిడిగ పెట్టినం, వాటినే కంటెయినర్లు అంటరు. అందుల ఒకటి పడిపోతె నాకంటె ముందుగాల కస్టమర్లకు తెలుస్తుండె. వాళ్ళు మా ఓనరు సేటుకు ఫోన్ జేస్తరు, సేటు నలుగురి ముంగట నన్ను తిడ్తడు.

ఒకరోజు సేటు తేల్చి చెప్పిండు. దసరా దాటేదాంక సర్వర్ ఆగకుండ నడిస్తె ఆ పని నీ చేతులనే ఉంటది, లేకుంటె బయటి కంపెనీకి ఇచ్చేస్త అని. ఆ సర్వర్‌ను మొదటి వైరు కాంచి పెట్టింది నేను.

సరే అని, కంటెయినర్లను కనిపెట్టుకోని ఉండి, ఏదన్న పడిపోతె ఫోన్‌కు మెసేజ్ కొట్టే ఒక ఫ్రీ టూలు ఇంటర్నెట్ల కాంచి దింపిన. బయటోళ్ళ దగ్గర గాదు, మా దగ్గరనే, స్టోర్ల మూలకు పడేసిన పాత కంప్యూటర్ల పెట్టిన. ఇంటర్నెట్ల సూస్తె అరగంట పని అని రాసుంది. అరగంటనా, నా బొంద! ఒక వర్షన్‌కు ఇంకో వర్షన్ పడదు. పోర్టు తెరిస్తె, కాపలా ఉండే ఫైర్‌వాల్ మూస్తది. అవి కుదిరినంక ఫోన్‌కు మెసేజ్ రాదు. వచ్చుడు షురూ అయినంక ఇగ ఆగదు. ఉప్పల్ చౌరస్తాల బండి పక్కకు ఆపి సూస్తె ఏదీ పడిపోలే, టూలే భయపడి మొత్తుకుంటుంది. ఇంకోపారి బిల్లుల కంటెయినర్ పడుకుంట లేసుకుంట ఉంటె, ఇది మాత్రం అంతా మంచిగుందని పచ్చగ సూపిస్తుంది. ఆ ఫోన్‌ను సూసినట్టు నన్ను ఎన్నడన్న సూసినవా అని మా ఇంటామె ఎత్తిపొడిచింది.

కిందమీద పడి దాన్ని దారికి తెచ్చిన. పండుగ దగ్గరికొచ్చినకొద్ది సర్వర్ ఆగలేదని స్క్రీన్ మీద పచ్చ గీత పొడుగైతుంటె నాకు జర ధైర్యమొచ్చింది. సేటు గూడ ఓపారి వచ్చి నిలబడి సూసి, ఏమనకుండ పోయిండు. ఏమనలేదంటె మెచ్చుకున్నట్టే.

దసరా పొద్దున చిల్కానగర్ల ఇంటి ముంగట బండి కడుగుతున్న. ఫోన్ మోగింది. ఒక్క కంటెయినర్ గాదు, అన్నీ పడిపోయినయి. తడిబట్ట అక్కడ్నే పారేసి, ఆ బండి మీదనే ఫ్యాక్టరీకి ఉరికిన.

గేటుకు బంతిపూల దండలు. లోపల మిషన్లన్నీ కడిగి బొట్లు పెట్టిన్రు. ప్రతియేడు ఉండే ఆయుధ పూజనే. కాని సర్వర్‌ను ఎన్నడు ఆపలే, బొట్టు పెట్టి ఊకుంటుండె. ఈసారి దాని మీద దండ, ముంగట నిమ్మకాయ, అగర్‌బత్తీలు, ప్లగ్గు పీకి పక్కకు పెట్టి ఉంది. నా పచ్చ గీత సూసినంక సేటుకు దాని మీద గౌరవం పెరిగినట్టుంది. అన్ని మిషన్లకు ఇయ్యాల రెస్టు ఇచ్చినం, దీన్నొక్కదాన్ని ఎట్ల ఇడిచిపెడ్తం, నీ మిషన్ గద నువ్వే కొట్టు అని సేటు కొబ్బరికాయ నా చేతుల పెట్టిండు. దేవుని ముంగట ఏమంటం? కొట్టిన. కాయ మంచిగనే పగిలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పండుగ అయినంక సేటు స్క్రీన్ ముంగటికి వచ్చిండు. పచ్చ గీత నడుమ, సర్వర్ ఆగినంత సేపు ఎర్రటి ముక్క.

"ఆగింది గద మరి," అన్నడు.

"మీరే ఆపిన్రు గద సార్."

"ఎవరు ఆపితేంది? ఆగింది ఆగిందే."

నవ్వులాటకు అంటుండేమో అనుకున్న. గాదు.

కొన్నాళ్ళకు బయటి కంపెనీ నుంచి ఒకాయన వచ్చిండు. పాస్‌వర్డులన్నీ ఆయనకు ఇయ్యమన్నడు సేటు. నాకు ప్రింటర్లు మిగిలినయి. నేను పెట్టిన టూలును అటు తిప్పి ఇటు తిప్పి సూసి, మంచిగుంది, మేం గూడ ఇదే వాడుకుంటం అన్నడు ఆయన. నేను పక్క టేబుల్ కాడ కూసోని పాస్‌వర్డులు రాసిస్తున్న. ఆయన సేటు దిక్కు తిరిగిండు.

"ఒక్క షరతు సార్. పూజకో, కరెంటు పనికో మీరే ఆపితె అది ఆగినట్టు గాదు. మా లెక్కల పట్టొద్దు."

సేటు తలకాయ ఊపిండు.

"అంతే గద," అన్నడు. "అది న్యాయమే."