పాలిస్తూ నొప్పిమాత్ర మింగొచ్చా?

పాప పుట్టిన రెండో నెలలో, ఒక పొద్దున దాని చొక్కా గుండీ పెట్టబోతే నా వేళ్లు వంగలేదు. కణుపులు ఉబ్బి వెచ్చగా ఉన్నాయి. బాలింతను కదా, అదే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. పాపను ఎత్తుకోవడమే కష్టమైంది.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, పాత గని కార్మికుల లైన్లలో ఇల్లు. మా ఆయన చీకటితోనే బెంగళూరు రైలెక్కితే, పాప నిద్రపోయాక వస్తాడు. అమ్మ లేదు. కామసముద్రంలో ఉన్న అత్తమ్మకు ఫోన్ చేశాను.

"పాలిచ్చేదానివి, మాత్ర మింగితే బిడ్డకు పోతాదమ్మా. ఓర్చుకో" అంది.

మందుల షాపులోనూ అదే మాట చెప్పి పంపేశారు.

ఓర్చుకున్నాను. పాపను దిండ్ల మీద పడుకోబెట్టి, దానిపైకి వంగి పాలిచ్చేదాన్ని. ఒకరోజు అదీ చేతకాలేదు. పాప ఆకలితో ఏడుస్తుంటే, ఎత్తుకోలేక పక్కనే కూర్చుని నేనూ ఏడ్చాను. పక్కింటి సెల్వి అక్క విని వచ్చింది. పాపను ఎత్తి నా రొమ్ముకు ఆనించి, అది తాగేంతసేపూ అలాగే పట్టుకుంది.

"ఇంగ చాలు ఓర్చుకునేది. రేపు నేనొస్తా, కోలారుకు పోదాం" అంది.

కోలారులో డాక్టరమ్మ నా కణుపులు నొక్కి చూసింది. "ఇన్నాళ్లూ ఏం వేసుకున్నావమ్మా?"

"పాలిస్తా ఉండాను గదా మేడం, ఏమీ వేసుకోలేదు."

ఆమె చీటీ మీద ఒక నొప్పిమాత్ర పేరు రాసింది. "ఐబుప్రొఫెన్ పాలల్లోకి పోయేది చాలా కొంచెం. బిడ్డ నెలలు నిండి పుట్టినాది, బాగుండాది. అన్నం తిన్నాక వేసుకో. పాలు నిలపొద్దు" అంది.

నొప్పి తగ్గింది గానీ వాపు పోలేదు. బ్లడ్ టెస్టుల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలింది. కాన్పు తర్వాత ఇలా బయటపడడం ఉంటుందట. "ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ పాలిచ్చేటప్పుడు వద్దు" అని, దాని బదులు హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసింది డాక్టరమ్మ. అది పనిచేయడానికి వారాలు పడుతుందట; ఆలోపే కడుపులో మంట వచ్చి ఐబుప్రొఫెన్ ఆపాల్సి వచ్చింది. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఆ వారాల్లో పగలంతా పాప తప్ప నాకు మరో మనిషి ముఖం కనబడేదే తక్కువ. తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కొద్ది డోసులో ఇచ్చాక చేతులు తెరుచుకున్నాయి.

ఇప్పుడు పాప పాలు మానింది. నా మందులు నడుస్తున్నాయి. పగలు ఇల్లు అలాగే నిశ్శబ్దంగా ఉంటుంది, పాప మాటలు నేర్చింది కాబట్టి కొంచెం నయం.

పాలిచ్చే తల్లులకు ఒక్కటే చెబుతాను. నొప్పిమాత్రలన్నీ ఒకటి కావు. పాలిస్తున్నానని, బిడ్డకు ఎన్ని నెలలో చెప్పి, మాత్ర పేరు పెట్టి డాక్టరును అడగండి. అడగకుండా మింగొద్దు. అడగకుండా ఓర్చుకోనూ వద్దు.