సడ్డకుడి వ్యాన్‌లో హీటరు

ఈ పొద్దున ఆర్మూర్‌లో చలి గట్టిగానే ఉంది. సిద్ధులగుట్ట నల్లరాళ్లు సగం దాకా మంచులో మునిగిపోయాయి. దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఇనుము అరచేతులకు కరుచుకున్నట్టు తగిలింది. అప్పుడే పోచంపాడ్ నుంచి మా సడ్డకుడు ఫోన్ చేశాడు. "తమ్మీ, వ్యాన్ సర్వీసింగ్ అయిపోయింది. మీ వదినె అప్పుడే బట్టలు సదురుతున్నది. ఎప్పుడు పోదామో జెప్పు" అన్నాడు. "నువ్వెప్పుడంటే అప్పుడే అన్నా" అన్నాను. ఆయనతో నేను ఇంత వినయంగా మాట్లాడటం మొదలుపెట్టి కొన్నేళ్లే అయింది. మొదటి ప్రయాణం ముందు మా పెరట్లో జరిగిన సంగతితో మొదలైంది అది.

మా సడ్డకుడంటే నా భార్య అక్క మొగుడు. డ్యామ్ దగ్గర గేట్ల మోటార్లు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పది మాటలు అవసరమైన చోట రెండే మాట్లాడతాడు, ఆ రెండూ నట్టు గురించో బోల్టు గురించో అయి ఉంటాయి. నాది పసుపు అడ్తి. రైతు తెచ్చిన కొమ్ము విరిచి, రంగు చూసి, వాసన చూసి, కొనేవాడి చెవిలో ఒక మాట, అమ్మేవాడి చెవిలో ఒక మాట వేసి బేరం కుదర్చడం నా పని. అందుకని నోరు ఊరుకోదు. తెలియని విషయాన్ని కూడా తెలిసినట్టు గట్టిగా చెప్పడం నా వృత్తి అంటించిన రోగమని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. నిజానికి పాపం వృత్తి ఏమీ చేయలేదు. మా బజారులో మితంగా మాట్లాడి బాగుపడ్డ అడ్తిదార్లు చాలామందే ఉన్నారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో పదిమంది ముందు ఆ సడ్డకుడిని ఆటపట్టించడం నాకు అలవాటు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుని ఓటమి కింద లెక్క వేసుకునేవాణ్ణి.

రిటైరయ్యాక ఆయన పాత స్కూల్ వ్యాన్ ఒకటి కొన్నాడు. సీట్లు పీకేసి అటూ ఇటూ మంచాలు బిగించాడు, మధ్యలో చిన్న వంట బల్ల, కింద గ్యాస్ సిలిండర్ పెట్టుకునే అర. ఎందుకంటే మా వదినకు మాఘమాసంలో హరిద్వార్‌లో గంగాస్నానం చేయాలని ఎప్పటినుంచో కోరిక. ఆమెది ఉబ్బసం శరీరం. చలిగాలి తగిలితే రాత్రంతా కూర్చునే ఉండాలి. రైల్లో పై బెర్తు ఎక్కలేదు, లాడ్జీలో తడి వాసన పడదు. డాక్టరు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు, పడుకునే చోటు వెచ్చగా ఉండాలని. అందుకే మా సడ్డకుడు హైదరాబాద్ పోయి, ఎవరో విదేశీ యాత్రికుల వ్యాన్ విప్పిన సామాన్లో నుంచి ఒక గ్యాస్ హీటరు వెతికి తెచ్చాడు. ఇంత పెట్టె. లోపల మంట, చిన్న అద్దంలోంచి కనబడుతుంది. ఫ్యాను ఆ వేడిని గదిలోకి తోస్తుంది. మంటకు కావలసిన గాలి పీల్చుకోవడానికి, కాలిన పొగ వదలడానికి వ్యాన్ బయటి గోడకు ఒక జాలి మూత. హీటరు పనిచేస్తే వదిన వస్తుంది, చేయకపోతే ఇంట్లో ఉంటుంది. మా నలుగురి ప్రయాణం ఆ పెట్టె మీద ఆధారపడింది.

పోచంపాడ్‌లో వాళ్ల ఇంటి ముందు అది చక్కగా నడిచిందట. ప్రయాణానికి ముందు వ్యాన్‌ని ఆర్మూర్‌లో మా పెరట్లోకి, పసుపు గోదాము పక్కకి తెచ్చారు. కొత్త బండి ఇంటికి వస్తే పూజ చేయకుండా ఎవరుంటారు? పైగా పసుపు అడ్తిదారు ఇంటికి వచ్చిన బండి. మంచి కొమ్ము ఏరి దంచించిన పసుపు పళ్లెం నిండా తెచ్చాను. నీళ్లతో కలిపితే ఎండి రాలిపోతుందని నూనె పోసి ముద్ద చేశాను. టైర్లకు, స్టీరింగుకు, గ్యాస్ పొయ్యికి, తలుపులకు, ఎక్కడ చదునుగా కనబడితే అక్కడ నాలుగు వేళ్లతో మెత్తి మధ్యలో కుంకుమ పెట్టాను. "జర తక్కువ వెట్టరాదూ, బండి పెండ్లికూతురైంది" అని మా ఆవిడ నవ్వింది. "మన ఇంట్ల పసుపుకు కరువా?" అన్నాను. కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయల మీదుగా బండి కొంచెం ముందుకు కదిలించాం. వ్యాన్ నిజంగానే బాగుంది.

మర్నాడు పొద్దున, చలి పోకముందే, హీటరు వేసి చూద్దామన్నాడు సడ్డకుడు. మీట నొక్కాడు. టిక్ టిక్ మని నిప్పురవ్వ కొట్టింది, భుగ్గున అంటుకుంది, ఫ్యాను తిరిగింది. వదిన శాలువా కప్పుకొని మంచం మీద కూర్చుని, "అబ్బ, సల్లగుండ, వెచ్చగైతున్నది" అంది. ఆ మాట పూర్తయ్యేలోపు టక్కున ఆరిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆరింది. నాకు లోపల సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. నేను మొదటినుంచీ రైలే అన్నవాణ్ణి.

ఆయన ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. సిలిండర్ ఎత్తి ఊపి చూశాడు, నిండుగా ఉంది. రెగ్యులేటర్ మార్చాడు. పైపు మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూశాడు, రాలేదు. బ్యాటరీ తక్కువైందేమోనని ఇంజను నడుపుతూ వేశాడు. అంటుకోవడం, ఆరిపోవడం. చలికి గ్యాస్ గడ్డకట్టి ఉంటుందని నేను వేణ్ణీళ్లు తెచ్చి సిలిండర్ మీద పోశాను. మా ఇంట్లో గ్యాస్ అయిపోయే రోజుల్లో చేసే వైద్యం అది. సిలిండర్ కడిగినట్టయింది తప్ప ఇంకేమీ కాలేదు. మంట ఉందో లేదో కనిపెట్టే సన్నటి కడ్డీ ఒకటి ఉంటుందట, దాన్ని ఊడదీసి గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపు మండి ఆరింది.

"అన్నా, గా సెన్సారే ఖరాబైంది. దాన్ని దీసెయ్. రెండు వైర్లు కలిపి డైరెక్ట్ జెయ్. మా మోటరుకు గట్లనే జేసిన, మస్తు నడుస్తున్నది" అన్నాను.

"గ్యాస్ తోని గట్ల జెయ్యద్దు తమ్మీ. అది ఎందుకు బందైతున్నదో ఎర్కవడాలె గద."

"నలభై ఏండ్లు డ్యామ్ గేట్లు ఎత్తినవు, గింత వైరు కలపనీకె చేతులు వణుకుతున్నయా? నీకు భయమైతె నాకియ్యి, నేను కలుపుత. మా వదినె గంగకు పోవుడు నీకు ఇష్టం లేనట్టున్నది."

ఆ చివరి మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఇరవై ఏళ్ల మా వేళాకోళంలో ఆయనకు తగిలిన మాట అదొక్కటే అనుకుంటాను. మొహం మారింది. చిన్న కట్టర్‌తో వైర్ల చివర్లు చెక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి చివరగా కడ్డీతోనే వేసి చూస్తానని మీట నొక్కాడు. మంట లేచింది. అది ఆరగానే కలిపేయడానికి వైర్లు వేళ్ల మధ్య సిద్ధంగా పట్టుకున్నాడు.

మంచం మీద నుంచి వదిన ముందుకు వంగి అద్దంలోకి చూసింది. "ఏమయ్యా, జర ఆగుండ్రి. గా మంట జూడు, ఎట్లున్నదో. దీపం లెక్క పసుపుపచ్చగ ఊగుతున్నది. మన పొయ్యి గట్ల మండితే గిన్నెలకు మసి వడ్తది. నేనైతె ముందుగాల బర్నరే తుడుస్త. మన ఇంటికాడ ఇది నీలంగుండె గద."

సడ్డకుడు వైర్లు వదిలేసి కిందికి దిగాడు. వ్యాన్ చుట్టూ తిరిగి బయటి గోడ దగ్గర ఆగాడు. వెనకాలే నేనూ వెళ్లాను. అక్కడ ఆ జాలి మూత మీద నా నాలుగు వేళ్ల గుర్తులు, మధ్యలో కుంకుమ. నూనెతో కలిపిన ముద్ద, రాత్రి చలికి బిగిసి, జాలి కన్నాలన్నిట్నీ మూసేసింది. గాలి పీల్చే నోరూ, పొగ వదిలే నోరూ రెండూ సగానికి పైగా మూసుకుపోయాయి. గుండ్రంగా, చదునుగా, బొట్టు పెట్టడానికే చేసినట్టు ఉంది ఆ మూత. అందుకే దాని మీద నేను మిగతా వాటికంటే ఎక్కువ పసుపు పెట్టాను.

ఆయన పాత టూత్‌బ్రష్, కిరసనాయిలు తెచ్చుకుని నెమ్మదిగా తోముతూ చెప్పాడు. గాలి అందక మంట సరిగా నిలవడం లేదట, నిలవని మంటను చూసే కడ్డీ గ్యాస్ ఆపేస్తోందట. కడ్డీ తీసి డైరెక్ట్ చేసి ఉంటే మంట ఆగదు, పొగ పోయే దారి ఉండదు, ఆ విషపు గాలి లోపలికే వస్తుంది. దానికి వాసన ఉండదు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ఉంటారు. తలుపులు బిగించుకుని పడుకోవలసిన ఆ వెచ్చటి మంచం మా వదినది. ఆయన ఇదంతా మోటారు గురించి చెప్పినట్టే చెప్పాడు. తర్వాత బ్రష్ దులుపుతూ, "తమ్మీ, నీ పసుపు మస్తు క్వాలిటీ. కిరసనాయిలుకు గూడ ఊడ్తలేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పక్కనే ఉన్న నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను.

జాలి శుభ్రమయ్యాక మీట నొక్కితే మంట నీలంగా, కదలకుండా నిలబడింది. అయినా ఆయన తలుపులు తెరిచిపెట్టి మధ్యాహ్నం దాకా నడిపి చూశాకే సరేనన్నాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.

ఆయన ముందు తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అంత మాట్లాడే నోరు అది. వదిన దగ్గరికి పోయి, "వదినె, నేను అన్న మాటకు గాయన వైరు కలిపేటోడు. నన్ను తిట్టు" అన్నాను. ఆమె శాలువా మడత పెడుతూ, "నువ్వు పెద్దగ మాట్లాడ్తవని నాకు ఎర్కనే మర్దీ. గదానికి నేనెన్నడు భయపడలె. నీ మాట గాయన ఇన్నడు సూడు, గప్పుడు భయమైంది" అంది. ఆ సాయంత్రం ఆయన దగ్గరికి పోయి చెప్పాల్సింది చెప్పాను. "మంచిదే తియ్యి, టీ తాగుదాం పా" అన్నాడు.

హరిద్వార్ పోయాం. గంగ నీళ్లు కాళ్లను కోసేశాయి. వదిన మూడు మునకలు వేసి, వణుకుతూ వచ్చి, వ్యాన్‌లో ముసుగు తన్ని తెల్లవారేదాకా నిద్రపోయింది. నేను మాత్రం మధ్యమధ్య లేచి ఆ చిన్న అద్దంలోకి చూశాను. అప్పటినుంచి ఏటా ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉన్నాం. పొద్దున్నే లేచి దుప్పటి ఎవరు లాగారని ఆమె మా ముగ్గురినీ తిట్టే తిట్లు అలాగే సాగుతున్నాయి.

ఆ పొద్దున ఆ పెట్టె ఆరిపోయిన ప్రతిసారీ, మా నలుగురినీ ఇంకా కొంత కాలం బతకనిచ్చింది. మా చేతిలో కాలం పెడుతున్న దాన్నే నేను ఖరాబైందన్నాను.