తెల్లబడ్డ రీలు

అది 1968 వేసవి. తేదీ రాసి పెట్టుకోలేదు, ఊహించి చెప్పను. హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న మా తమ్ముడు, కిరాయి సినిమా కెమెరాతో చిట్యాలలోని మా ఇంటికి వచ్చాడు. ఊళ్లో మూతపడ్డ నూనె మిల్లులో అతని స్నేహితులు కళల పండుగ పెట్టారు. వేదిక లేదు, దండ వేయించుకునే పెద్దమనిషి లేడు. నూనె డ్రమ్ముల మీద కవిత్వం రాశారు, నాటకం జనం మధ్యే ఆడారు. దాన్ని వ్యాఖ్యానం లేకుండా, కథ లేకుండా సినిమాగా తీయాలని తమ్ముడి పట్టు.

ఆఖరి రోజు మా ఊరి డప్పుల దరువుకు పట్నం పిల్లలు గోడ మీద రంగులు వేశారు. చివరి రీలు దానికే ఖర్చయింది. ఆ దృశ్యం లేకపోతే సినిమా లేదన్నాడు తమ్ముడు.

మాది మగ్గం ఇల్లు. వదులుగా చుట్టిన నూలు కండె కనబడితే అమ్మ ఊరుకోదు. మర్నాడు ఆ చివరి రీలు డబ్బా తెరిచి, అరుగు మీద కూర్చుని దాన్ని విప్పి బిగించి చుట్టింది.

"గింత వదులుగ చుడ్తరా కొడకా? మంచిగ బిగించిన."

"ఎండల విప్పినవా అమ్మా?"

"మరి చీకట్ల ఎట్ల చుడ్తరు?"

తమ్ముడు తల పట్టుకున్నాడు. వెలుతురు తగిలితే బొమ్మ పోతుందని అప్పుడు తెలిసింది అమ్మకు. రీలు పారేస్తానన్నాడు. ఆమె విప్పింది పైచుట్లేనని, లోపలిది మిగిలి ఉండొచ్చని నచ్చజెప్పి, బొమ్మ తేలేలా కడిగించడానికి పట్నం పంపించాను.

తర్వాత అదే మిల్లులో, మా మగ్గం మీది తెల్లబట్ట కట్టి సినిమా వేశారు. పైచుట్టు అంటే చివర తీసిన భాగం. డప్పులు, గోడ, రంగులు ఒక్కొక్కటే వెలిసిపోయి బట్ట తెల్లగా మిగిలింది. విడిగా టేపులో పట్టిన దరువు మాత్రం ఆగలేదు.

"మా మొకాలు ఏడ పోయినయ్?" అన్నాడొక డప్పు పెద్దాయన.

"మా అమ్మ ఉతికింది తాతా," అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు.

పెద్దాయన లేచి టేపుతో కలిసి డప్పు అందుకున్నాడు. జనం బట్ట ముందుకొచ్చి ఆడుతుంటే, ప్రొజెక్టరు వెలుగులో వాళ్ల నీడలు ఆ తెలుపు మీద పడ్డాయి.

"గా తెల్లటిది కోసేస్తవారా?" అమ్మ మెల్లగా అడిగింది.

"ఇప్పటిదాక కోద్దామనే ఉండె," అన్నాడు తమ్ముడు, నీడల నుంచి కళ్లు తిప్పకుండా. "ఇగ కొయ్యనమ్మా."