సిమ్‌లో వదిలిన మంట

మా కింది ఫ్లాట్ ఆంటీ పోయారు. గత మంగళవారం సాయంత్రం హాస్పిటల్‌లో ప్రాణం పోయింది, బుధవారం పొద్దున్నే ఖననం అయిపోయింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. ఎనిమిదేళ్ళు ఆమె నెత్తిమీద నడిచినదాన్ని, కడసారి చూపు కూడా దక్కలేదు.

వైటూకే కంప్యూటర్ పనుల మీద మేం గ్లాస్గో వచ్చిన ఏడాది, యూదుల కొత్త సంవత్సరానికి ఆపిల్ ముక్కలు, తేనె తినమని ఆంటీ పిలిచారు. వంటింట్లో ఖాళీ స్టవ్ సిమ్‌లో వెలుగుతోంది. పెద్దావిడ మరిచిపోయారు పాపం అనుకుని టక్కున ఆపేశాను. పైగా, "నేను చూశాను కాబట్టి సరిపోయింది ఆంటీ" అని గొప్పలు పోయాను. ఆమె ఆరిన స్టవ్ వైపు చూసి, "థాంక్యూ డియర్" అన్నారు.

పండుగ రోజుల్లో వాళ్ళు కొత్తగా నిప్పు వెలిగించరట. ముందే వెలిగించి ఉంచిన మంట నుంచే వంటా, దీపాలూ. నన్ను మళ్ళీ వెలిగించమని అడగనూ కూడదట. ఆమె రెండు రోజులు చల్లారిన తిండి తిని, రెండో రాత్రి దీపాలు లేకుండా గడిపారని తర్వాత తెలిసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. "నీ తప్పేముంది? ఇకమీద నా స్టవ్ జోలికి మాత్రం రాకు" అని ఆంటీ నవ్వేశారు. ఆమె ఇంగ్లీషు మాటలన్నీ ఎందుకో నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

హాలు దొరకాలి, అందరికీ సెలవుండాలి అని ఇక్కడి తెలుగువాళ్ళం వినాయక చవితిని శనివారానికి జరుపుకునేవాళ్ళం. "మీ దేవుడు శనివారం దాకా ఆగుతాడా? ఎంత మంచివాడు!" అని ఆంటీ ఏడిపించేవారు. ఒకసారి మాత్రం నవ్వకుండా అన్నారు: "ఈ రోజులు నేను పెట్టుకున్నవి కావమ్మా. నాకు ఇచ్చినవి. జ్వరమొచ్చినా వానొచ్చినా, అవి వచ్చేసరికి నేను వాకిట్లో ఉండాలి. అంతే." వాళ్ళ పందిళ్ళ పండుగకు పందిట్లోనే తినాలని, పెరట్లో కొమ్మలు కప్పిన పందిట్లో కోటు తొడుక్కుని సూప్ తాగేవారు. గ్లాస్గో వానకు గిన్నెలో సూప్ పెరిగేదే కానీ తగ్గేది కాదు.

అంకుల్ పోయినప్పుడు ఆంటీ ఏడు రోజులు పొట్టి కుర్చీలో కూర్చున్నారు. ఇరుగుపొరుగు వచ్చి పక్కన కూర్చోవడం వాళ్ళ పద్ధతి. నేనూ ఏడు సాయంత్రాలు కూర్చున్నాను. ఈసారీ అలాగే వాళ్ళమ్మాయి పక్కన కూర్చుందామనుకున్నాను. మా ఇంటి వంట వాళ్ళు తినరు కాబట్టి బుధవారం సాయంత్రమే పళ్ళు కొనుక్కుని పరుగున వెళ్ళాను. ఆమె పొట్టి కుర్చీ మడిచేస్తోంది.

"అరగంటలో పందిళ్ళ పండుగ మొదలు. పండుగ వస్తే ఇక కూర్చోకూడదు. ఏడు రోజులూ అయిపోయినట్టే" అంది. "పొద్దున అమ్మను మట్టిలో పెట్టి వచ్చాను. ఇప్పుడు సంతోషంగా ఉండాలట. ఎలా ఉండాలో నువ్వు చెప్పు."

ఒళ్ళు మండింది నాకు. ఒక్క వారం ఆగలేని పండుగేం పండుగ? పోట్లాడదామంటే, సమాధానం చెప్పే ఆంటీయే లేరు.

ఆమె మొహం కడుక్కుంది. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం తల్లి పోయినందుకు చింపుకున్న జాకెట్టు మార్చుకుంది. స్టవ్ వెలిగించి సిమ్‌లో పెట్టి, కొవ్వొత్తులు ముట్టించి పెరట్లోకి వెళ్ళింది. పందిరికి సగమే కప్పు. హాస్పిటల్‌కు వెళ్ళేముందు ఆంటీ అంతవరకే వేయగలిగారు. కప్పున్న పక్కకు కుర్చీ జరుపుకుని వానలో ఆమె ఒక్కతే కూర్చుంది. పక్కన కూర్చోమని అనలేదు, నేను లోపలే ఆగిపోయాను.

పళ్ళు వంటింటి గట్టుమీద పెట్టాను. ఖాళీ స్టవ్ వెలుగుతోంది. అలవాటు కొద్దీ చెయ్యి నాబ్ దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. కిటికీలోంచి వచ్చే గాలికి మంట అల్లాడుతోంది. కిటికీ వేసి పైకి వచ్చేశాను.