మామిడాకు లేని గుంజ

పక్కింటి పెద్దబాపు ఇక లేడని సోమవారం పొద్దున ఆయన కోడలు గోడ మీంచి చెప్పింది. చేతిలో పాలగిన్నెతో అట్లాగే నిలబడిపోయాను. మనసులో మెదిలిన మొదటి మాట, నేను ఆయన పిలిస్తే వెళ్లలేదని.

కాశిబుగ్గలో షామియానాలు అద్దెకిచ్చి బతికిన మనిషి. పెండ్లి షామియానాకు మొదటి గుంజ లేపగానే మామిడాకులు కట్టడం ఆ పని చేసేవాళ్ల పద్ధతి. పెద్దబాపు మాత్రం ఆకు ముట్టేవాడు కాదు. పెండ్లివారే కట్టుకోవాలి, అలిగి వేరేవాళ్ల దగ్గరికి పోయినా సరే.

అట్లా ఎందుకో ఒకసారి షామియానా చిరుగులు కుడుతూ తనే చెప్పాడు. లాతూరు వైపు భూకంపం వచ్చినప్పుడు మార్కెట్ సేట్లు బియ్యం, దుప్పట్లతో లారీ పంపితే, ఇండ్లు కూలినవాళ్లు తలదాచుకోవడానికి తన షామియానాలన్నీ ఎక్కించి తనూ వెళ్లాడు. అన్నీ పెండ్లివే, ఎర్రవీ పచ్చవీ. వానలో ఆదరాబాదరాగా గుంజ పాతి, చేతి అలవాటున పక్క చెట్టు ఆకులు నాలుగు తెంపి కట్టేశాడు. కింద కూర్చున్న ఒక తల్లి వాటిని చూసి, ఎవరి పెండ్లి అని అడిగిందట. ఆమె కూతురికి ఆ నెలలోనే పెండ్లి. ఆ పిల్ల మట్టి కిందే ఉండిపోయింది.

"ఆకులు గుంజి పారేసిన బిడ్డా. గని ఆమె అటే చూస్తాంది. ఇప్పటికీ చూస్తనే ఉన్నది" అన్నాడు.

తిరిగొచ్చాక ఒక పెద్ద టార్పాలిన్ కుట్టుకున్నాడు. అంచుకు జాలరు కుచ్చులు లేవు, రంగు లేదు. ఎవరికీ అద్దెకివ్వలేదు, ఏటా ఎండాకాలం ఆరబెట్టి మడిచేవాడు. రాత్రి భూమి కదిలితే తొణికి తెలుస్తుందని మంచం పక్కన గ్లాసు నిండా నీళ్లు పెట్టుకుని, లేవగానే నేల తడిసిందా అని తడిమి చూసేవాడు. చాదస్తమని మేమంతా ఆటపట్టించేవాళ్లం. ఇల్లు పోయినోళ్లకు పందిరేసేటప్పుడు ముందు వాళ్ల మొఖం చూడాలె, తర్వాతనే గుంజ చూడాలె అనేవాడు.

ఆ మధ్య ములుగు వైపు భూమి కదిలి, మా ఇండ్లలో గిన్నెలు గలగలలాడాయి. బయటికి ఉరికాం, కాసేపటికి నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాం. పెద్దబాపు ఒక్కడే ఆ టార్పాలిన్ తెచ్చి గల్లీలో కట్టి, చాపలు పరిచి, ఇంటింటికీ వచ్చి పిలిచాడు.

"జర ఈ ఒక్క రోజు కూసోండ్రి బిడ్డా. ఇండ్ల ఉండకుండ్రి."

పాఠాలు చెప్పే బడికి టైమైందని నవ్వి తప్పించుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి నాలుగు చాపల మధ్య ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. వంట ఉందని చెప్పి లోపలికి వెళ్లాను. ఆయన అట్లా పక్కకు జరగడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

సోమవారం ఆయన కొడుకు వాకిట్లో కట్టింది ఆ టార్పాలినే. భూమి కదిలిన రోజు పిలిచినా రానివాళ్లందరం వచ్చాం. చాపలు చాలక ఒకరికొకరం జరిగి చోటిచ్చుకున్నాం. నాకు మొదటి గుంజ పక్కన చోటు దొరికింది. పైన ఆకులేమీ లేవు. అయినా ఎవరో నా వెనక కూర్చుని అటే చూస్తున్నట్టు అనిపించి, ఆయనను తీసుకెళ్లేదాకా నేను తల తిప్పలేదు.