చెక్క బాట కింద గురక

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఆఫీసులో నా కుర్చీలో నాకంటే నా హ్యాండ్‌బ్యాగే ఎక్కువసేపు కూర్చునేది. కుదురు పుట్టుకతో రాలేదు, ఇంజనీరింగ్ చదివితే అసలే రాలేదు. అలాంటి నాకు, మాచర్ల అవతల కొండల్లో ఉన్న చిన్న జూలో ఎలుగుబంటి ఆవరణ మీదుగా సాగేలా స్తంభాల మీద చెక్క బాట డిజైన్ చేసే పని అప్పగించారు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా పైకెక్కి ఎలుగుబంటిని చూడాలి. మా పెద్ద ఇంజనీరుగారికీ (వాలు చూసే రసమట్టం జేబులో లేనిదే భోజనానికి కూడా కూర్చోరు కాబట్టి చాటుగా ఆయన పేరు రసమట్టంగారు) నాకూ రోజూ పోరే. ఆయన వాలు పెంచి బాట పొడవు తగ్గించమంటారు, నేను తగ్గించనంటాను. చివరికి చక్రాల కుర్చీ తెప్పించి ఆయన్నే కూర్చోబెట్టి, ఆయన చెప్పినంత వాలున్న రోడ్డు ఎక్కమన్నాను. సగం దూరం వెళ్ళి, ఆయాసపడుతూ, "సరేనమ్మా, పొడవు పెంచు," అన్నారు.

బాట పూర్తయ్యాక, ప్రారంభానికి ముందురోజు రాజుపాలెం నుంచి మా పెద్దమ్మను తీసుకొచ్చాను. పక్షవాతంతో కాళ్ళు పడిపోయాక ఆమె ఆసుపత్రికి తప్ప ఇల్లు దాటలేదు. ఎలుగుబంటిని చూపిస్తానని నేను నెలల తరబడి పోరితే బయల్దేరింది. తన కుర్చీ తనే తోసుకుంటూ పైకెక్కింది. నా గుండె పొంగిపోయింది. తీరా చూస్తే కింద ఎలుగుబంటి లేదు.

ఈ చివరికి పరిగెత్తాను, ఆ చివరికి పరిగెత్తాను. ఆఖరిసారి బాట చూసుకోవడానికి వచ్చిన రసమట్టంగారు మెల్లగా వంగి చెక్కల సందులోంచి చూసి, "అమ్మాయ్, మన కిందే పడుకుంది," అన్నారు. పల్నాడు ఎండలో అంత పొడుగు నీడా, కిందినుంచి గాలీ మేమే అమర్చి పెట్టాం. అది మాత్రం ఎండలో నిలబడి మాకోసం ఎందుకు ఎదురుచూస్తుంది? ఇంత పెద్ద బాట కట్టి, దాని మీద నిలబడితే కనపడని చోట జంతువుకు ఇల్లు కట్టామన్నమాట. కాపలాదారుకు ఫోన్ చేస్తే, తిండి అయింది మేడం, పొద్దుగూకేదాకా లేవదు, అన్నాడు. నేను మళ్ళీ అటూ ఇటూ తిరగసాగాను.

"ఏమే, అట్టా తిరగబాక. నాకు కళ్ళు తిరుగుతున్నయ్యి. ఇట్టా కూకో," అంది పెద్దమ్మ.

కూర్చున్నాను. అప్పుడు వినపడింది, చెక్కల కిందినుంచి గురక. అది ఊపిరి వదిలినప్పుడల్లా మా పాదాల కింద చెక్క సన్నగా అదిరేది. పెద్దమ్మ తల వంచి చానాసేపు విన్నది. "మీ పెదనాన్న పోయాక ఇట్టాంటి గురక మళ్ళీ వినలా," అని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి చానా ఏళ్ళయింది. రసమట్టంగారు కూడా చెప్పులు విడిచి మా పక్కన చతికిలబడ్డారు.

ఆ తర్వాత నేను ఊరుకుంటానా? బాటకు ఎదురుగా తాటాకు పందిరి వేయించి, పక్కన నీళ్ళతొట్టి కట్టించి, బాట కిందికి పోకుండా కంచె పెట్టించి, ఎలుగుబంటిని అందరికీ కనపడే చోటికి మార్పించాను. గర్వంగా పెద్దమ్మను మళ్ళీ తీసుకెళ్ళాను. ఎలుగుబంటి ఎదురుగానే పడుకుని ఉంది. ఆమె కాసేపు చూసి, చెవి చెక్కల వైపు పెట్టి, మళ్ళీ నా వైపు చూసి, "అగుపడతా ఉందిలే గానీ, ఏమీ వినపడటంలా," అంది. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ అప్పటి నా మొహం ఎలా మాడిపోయి ఉంటుందో తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.