తలుపు మీద మచ్చలకు నా బొట్లే కారణమట!

కోరుట్లలో మా వంటింటికి ఈమధ్యే పైన్ చెక్క తలుపు పెట్టించాం. చెక్క నిండా ముడులే. వడ్రంగి కూతురిని కదా, ముందు ముడుల్లోని బంకను వేడిచేసి తీసెయ్యమని, బంక మళ్లీ ఊరకుండా లక్క పాలిష్ పూసి ఆరాకే రంగు వెయ్యమని పెయింటర్ రాజేశానికి మరీమరీ చెప్పాను. "లప్పం పెట్టిన, ఏం గాదక్కా" అని, అవేవీ చెయ్యకుండానే తెల్లరంగు కొట్టి పోయాడు.

ఈ ఎండలకు ప్రతి ముడీ గోధుమరంగు మచ్చై పైకి తేలింది. ఈ రోజు పిలిచి చూపిస్తే ఏమన్నాడో తెలుసా?

"శుక్రారం శుక్రారం పసుపు, కుంకుమ బొట్లు పెడ్తవ్ గదక్కా, గవ్వే రంగుల దిగినయ్!"

ఒళ్లు మండిపోయింది.

"నేను బొట్లు పెట్టేది కింద గడపకు. తలుపు పై అంచు దాకా మచ్చలెట్ల అచ్చినయ్? ముట్టి చూడు!"

ముట్టాడు. వేలికి జిగురు అంటుకుంది.

"బంకనే అక్కా" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, దాని మీదే ఇంకో కోటు వెయ్యడానికి బ్రష్షు ముంచాడు! లాక్కుని, చేతిలో సాండ్ పేపర్ పెట్టాను.

మీ ఇళ్లల్లో పనివాళ్లు తమ తప్పును దేని మీదికి నెట్టారో చెప్పండి. గడప మీది బొట్టు కంటే నోరులేనిది ఇంకేమైనా దొరికిందా?